వైద్యశాలలో రోగి మాట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను, హాజరు లెక్కలను, కట్టవలసిన గదులను గుఱించి నేను మాటలాడుట మీకు తెలిసినదే. ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చియున్నవి. వానినే మరల చెప్పి మీ కాలమును హరింపను. ఈ యేడు మఱియొక విషయమును మీ ముందుంచదలచితిని. అది దవాఖానా విషయము. "హెడ్మాస్టరుకు దవాఖానాతో పనియేమి?" అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నిజమే, వైద్యము నాకు రాదు. మందుల పేర్లు చెప్పుటకు నేను నిలువలేదు. చదువుట, వ్రాయుట, అడుగుట, విన్నదానిని తన మాటలలో తిరిగి చెప్పుట, ఈ నాలుగే నా వృత్తి. అయితే రోగియై వైద్యశాల గడప త్రొక్కిన మనుష్యునకు ఈ నాలుగును ఎంత యవసరమో నేను మిక్కిలి ఆలస్యముగా తెలిసికొంటిని. ఎట్లు తెలిసికొంటినో ముందుగా విన్నవించెదను.

మా యమ్మ ఈ షోలాపురములోనే నలువదేండ్లు బీడీలు చుట్టి మమ్ము పెంచినది. ఆమెకు చక్కెర జబ్బు ఉండెడిది. 2011లో ఆమె కాలికి పుండు పడినది. ఒక వైద్యశాలలో చేర్పించితిమి. రెండవనాటి ఉదయమున ఒకరు వచ్చి నా చేతికి రెండు మూడు కాగితములిచ్చి, సంతకము చేయవలసిన చోట్లను వ్రేలితో చూపిరి. నేను చేసితిని. ఆ కాగితము ఇంగ్లీషులో నున్నది. నాకు ఇంగ్లీషు చదువుట వచ్చును. "చదువక సంతకము చేయరాదు" అని పిల్లలకు ఏండ్ల తరబడి చెప్పుచున్నవాడను. అయినను చదువలేదు. తొందర యుండెను, భయముండెను; అడిగినచో వారికి కోపము వచ్చునేమో యను సంకోచము అన్నిటికంటె నెక్కువగా నుండెను. మంచముపై నుండి మా యమ్మ, "ఏమన్నరు బిడ్డా?" అని అడిగినది. "ఏం లేదమ్మా, చిన్న పుండు, కడుగుతరట" అంటిని.

ఆ సాయంకాలము ఆమెకు తెలివి వచ్చునప్పటికి ఆ కాలికి రెండు వ్రేళ్లు లేవు. వానిని తీసివేయుట అవసరమేనని తరువాత మఱియొక వైద్యుడును చెప్పెను. కనుక చికిత్సను నేను తప్పు పట్టుట లేదు. కాని మా యమ్మ కట్టు వంక చాలసేపు చూచి ఒక్కటే మాట అన్నది: "నా కాలే గదరా! నన్నొక్క మాట అడగకపోతిరి."

ఆమె నేడు లేదు. ఆ మాట మాత్రము నాతో నున్నది. ఆమె నింద వైద్యునిపై గాదు, నాపై. ఆ మాటకు సమాధానము వెదకుచు నేను చదివినది, కన్నది, విన్నది మీతో పంచుకొనుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొట్టమొదట, మా యమ్మ అడిగినది న్యాయమైన మాటయేనా? న్యాయమైనదేనని మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములోని సంగతి యిది. ఒక స్త్రీ తన వ్యాధి యేమో తెలిసికొనుటకై పరీక్ష చేయించుకొనదలచి వైద్యురాలి యొద్దకు పోయెను. పరీక్షకై ఆమెకు మత్తు ఇచ్చిరి. ఆమె స్పృహలో లేనప్పుడు, బయట కూర్చున్న ఆమె తల్లి యొద్ద సమ్మతి తీసికొని గర్భసంచిని తొలగించిరి. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు సమ్మతి కాజాలదనియు, ప్రాణాపాయము లేనప్పుడు, తెలివి గల పెద్ద మనిషికి బదులుగా కన్నతల్లి యైనను సమ్మతి నీయజాలదనియు న్యాయస్థానము నిర్ణయించినది. సమ్మతి యనగా కాగితముపై గీత కాదు. ఏమి చేయబోవుచున్నారు, ఎందులకు చేయుచున్నారు, దానివలన మేలెంత, కీడెంత, వేఱు మార్గము గలదా, చేయించుకొననిచో నేమగును, ఇన్నియు తెలిసిన పిమ్మట ఇచ్చునదే సమ్మతి. ఈ తీర్పు వచ్చిన మూడేండ్లకు నేను మా యమ్మకు బదులుగా సంతకము చేసితిని. చట్టము నాకు తెలియదు. తెలిసికొనవలెనని తోచనైనను లేదు.

తరువాతి సంవత్సరములలో ఇంకను కొన్ని అడుగులు పడినవి. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘము రోగుల హక్కుల పత్రమును సిద్ధపఱచెను. అందు 17 హక్కులు గలవు. తన వ్యాధిని గుఱించి తెలిసికొను హక్కు, చికిత్సకు అగు వ్యయమును ముందుగా తెలిసికొను హక్కు, మఱియొక వైద్యుని అభిప్రాయమును కోరు హక్కు, తన రహస్యము కాపాడబడు హక్కు, తన కాగితముల నకళ్లు పొందు హక్కు, ఫిర్యాదు చేయు హక్కు, ఇవి వానిలో ముఖ్యమైనవి. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీనిని అనుసరింపుడని రాష్ట్రములకు వ్రాసినది. మన మహారాష్ట్రములో 2021లో నర్సింగుహోముల నియమములను సవరించి, రోగుల హక్కుల పత్రమును, ధరల పట్టికను అందఱికి కనబడునట్లు ప్రదర్శింపవలెనని విధించిరి. అడిగిన 72 గంటలలోగా చికిత్స కాగితములను ఈయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలోనే యున్నది. ఈసారి మీరు వైద్యశాలకు పోయినప్పుడు ఒక్కసారి గోడ వంక చూడుడు. పత్రము కనబడినచో నిలిచి చదువుడు. కనబడనిచో "ఎక్కడ పెట్టినారు?" అని మర్యాదగా అడుగుడు.

హక్కులతో పాటు రోగికి బాధ్యతలును గలవని ఆ పత్రమే చెప్పుచున్నది. వ్యాధి వివరములను దాచక చెప్పవలెను. ఒప్పుకొన్న చికిత్సను శ్రద్ధగా పాటింపవలెను. వైద్యులను, నర్సులను గౌరవింపవలెను. ఎట్టి పరిస్థితిలోను దౌర్జన్యమునకు దిగరాదు. నేను ఇప్పుడు చెప్పబోవు సర్వమును ఈ మర్యాదకు లోబడియే చెప్పుచున్నానని గ్రహింపగోరెదను. ప్రశ్న యడుగుట తగవు పెట్టుకొనుట గాదు.

ఇక రెండవ విషయము. రోగిని అడుగుట కేవలము న్యాయము కొఱకేనా? కాదు. రోగి మాట చికిత్సలో ఒక భాగము. ఈ సభలోని తండ్రులలో అనేకులు మగ్గముల యొద్ద, సాంచాల యొద్ద చద్దర్లు, తువాళ్లు నేసినవారే. పోగు తెగిన సంగతి ముందుగా ఎవనికి తెలియును? యజమానికా? మరమ్మతు చేయువానికా? సాంచ ముందు నిలుచున్న వానికే తెలియును. మరమ్మతు చేయువాని నేర్పు గొప్పదే. కాని ఎక్కడ చప్పుడు మాఱినదో, ఎప్పటినుండి మాఱినదో చెప్పువాడు లేనిచో ఆ నేర్పు సగము వ్యర్థము. దేహము విషయమును అంతే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. చక్కెర జబ్బు గల మనిషి నెలకొకసారి వైద్యుని దర్శించి, ప్రతిసారి పదునైదు నిమిషములు మాటలాడినాడనుకొందము. అంతసేపు మాటలాడు భాగ్యము ఎందఱికో లేదు, అయినను అనుకొందము. సంవత్సరమునకు మూడు గంటలు. సంవత్సరములో ఉన్న గంటలు 8,760. మిగిలిన 8,757 గంటలు ఆ జబ్బును చూచుకొనునది ఎవరు? రోగియు, అన్నము వండు ఇల్లాలును, మందు తెచ్చు కొడుకును. ఆ మూడు గంటలలో చెప్పినది వారికి అర్థము కానిచో, వారి యింటి పరిస్థితి వైద్యునకు తెలియనిచో, ఎంత మంచి మందైనను ఏమి చేయగలదు? మా యమ్మకు "పాదములను ప్రతిదినము చూచుకొనవలెను, చెప్పులు లేక నడువరాదు" అని ఎవరో ఎప్పుడో మరాఠీలో చెప్పియే యుందురు. ఆమె "హో, హో" అని తల ఊపియే యుండును. ఆమెకు అర్థమైనదా యని అడిగినవారు లేరు. ఇంటిలో ఉన్న నేనును అడుగలేదు.

మూడవ విషయము రాజ్యపాలనకు సంబంధించినది. ఒక్కొక్క రోగి మాట ఒక్కొక్క మంచము దగ్గఱ అవసరమైనట్లే, రోగులందఱి మాటయు ఆరోగ్య విధానమును నిర్ణయించు చోట అవసరము. ఇది క్రొత్త ఆలోచన గాదు. స్వాతంత్ర్యమునకు ముందే, 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, ప్రజల సహకారము లేనిదే ఆరోగ్య వ్యవస్థ నిలువదని చెప్పి, గ్రామములలో ఆరోగ్య సంఘములు ఏర్పడవలెనని సూచించినది. 1978లో ఆల్మా ఆటా నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము, తమ ఆరోగ్య సంరక్షణను యోచించుటలోను, నిర్వహించుటలోను పాల్గొనుట ప్రజలకు హక్కు మాత్రమే గాక విధి కూడనని ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుండి ప్రతి సెప్టెంబరు 17వ తేదీని రోగుల భద్రతా దినముగా జరుపుచున్నది. 2023లో ఆ దినమునకు ఎన్నుకొన్న విషయము రోగులను భాగస్వాములను చేయుటయే.

మన దేశమున 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద ఆశా కార్యకర్తలు వచ్చిరి. ప్రభుత్వ వైద్యశాలలకు రోగి కల్యాణ సమితులు ఏర్పడినవి. గ్రామములకు ఆరోగ్య సంఘములు ఏర్పడినవి. 2007లో తొమ్మిది రాష్ట్రములలో, మన మహారాష్ట్రముతో గూడ, ప్రజలే తమ ఆరోగ్య కేంద్రముల పనిని పరిశీలించు పద్ధతిని ప్రయోగించి చూచిరి. మందులున్నవా, నర్సు వచ్చుచున్నదా, డబ్బు అడుగుచున్నారా అని గ్రామస్థులే విచారించి, పిల్లల మార్కుల పట్టికవలె, ఆరోగ్య సేవలకు మార్కుల పట్టిక తయారు చేసిరి. పిమ్మట బహిరంగ సభలో అధికారుల ముందు ఆ సంగతులను చదివి వినిపించి, సమాధానము కోరిరి. చదువురాని స్త్రీలు సైతము ఆ సభలలో లేచి మాటలాడిరి. పట్టణములలోని పేదవాడలకై 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషను క్రింద, 50 మొదలు 100 ఇండ్లకు ఒకటి చొప్పున మహిళా ఆరోగ్య సమితులు ఏర్పడవలెనని నిర్ణయించిరి. మన పేటలకు అన్వయించునది ఇదియే.

రోగుల మాటకు విధానమును మార్చు శక్తి నిజముగా గలదా యని మీకు సందేహము కలుగవచ్చును. ఇటీవలి ఉదాహరణము నొకదానిని చెప్పెదను. మందులకు లొంగని మొండి క్షయకు బెడాక్విలిన్ అను మందు గలదు. దానిపై తన పేటెంటు హక్కును పొడిగింపవలెనని తయారు చేయు సంస్థ మన దేశములో దరఖాస్తు పెట్టినది. పొడిగించినచో ఇతరులు చౌకగా తయారు చేయుటకు వీలుండదు. 2019లో ఆ దరఖాస్తును ఎదిరించిన వారిలో ఇద్దఱు స్త్రీలుండిరి. ఒకరు ముంబయికి చెందిన నందితా వెంకటేశన్. మఱియొకరు దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. ఇద్దఱును క్షయతో బాధపడి కోలుకొన్నవారు. ఇద్దఱును ఆ జబ్బుకు పూర్వము వాడిన మందుల విషప్రభావముచే వినికిడి శక్తిని కోల్పోయినవారు. తమవలె మఱియొకరు చెవులు పోగొట్టుకొనరాదని వారి పట్టుదల. 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయము ఆ దరఖాస్తును త్రోసిపుచ్చినది. చెవులకు వినబడనివారు తమ మాటను దేశమునకు వినిపించిరి. చెవులును, నోరును గల మనము మన వైద్యుని యెదుట ఒక ప్రశ్న యడుగుటకు జంకుచున్నాము.

చట్టమున్నది, పత్రమున్నది, సమితులున్నవి. మన కుర్చీ వేసియే యున్నది. మఱి మనమెందులకు కూర్చుండుట లేదు? నాకు తోచిన కారణములు మూడు.

ఒకటి భక్తి. వైద్యుని దేవునిగా భావించుట మన పెద్దల సంప్రదాయము. అది మంచిదే. కాని దేవుని యెదుట నైనను మన కష్టము మనము చెప్పుకొందుము గదా! నోరు మూసికొని నిలుచుట భక్తి గాదు, భయము.

రెండవది తొందర. వైద్యశాల బయట వందమంది వరుసలో నుందురు. వైద్యుని తొందర మనకు తెలియును. దానికి మందు, మనము సిద్ధమై పోవుటయే. పరీక్షకు పోవు పిల్లవానికి చెప్పునట్లే నేను మీకు చెప్పుచున్నాను: ప్రశ్నలు ముందే వ్రాసికొనిన రోగికి రెండు నిమిషములు చాలును.

మూడవది భాష. దీనిని గుఱించి కొంత వివరముగా చెప్పవలెను, ఏలయన ఇది మనబోటి వారికి ప్రత్యేకమైన కష్టము. మనము తరతరములుగా ఈ నగరమున నున్నవారము. మరాఠీ మనకు పరాయి భాష కాదు. మన పిల్లలు దానిని శ్రద్ధగా నేర్చుచున్నారు, నేర్వవలెను. కాని బజారు మరాఠీ వేఱు, వ్యాధి మరాఠీ వేఱు. బేరమాడగలిగిన అవ్వ, తన కడుపులో నొప్పి మంటయా, పోటా, గుంజుటయా అని మరాఠీలో చెప్పలేదు. నొప్పికి మాతృభాషయే భాష. అందుచేతనే రోగుల హక్కుల పత్రము, రోగికి తెలిసిన భాషలో, రోగికి అర్థమగు తీరున వివరములు చెప్పవలెనని స్పష్టముగా పేర్కొన్నది. కష్టనివారణకై పెట్టుకొను అర్జీని కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను వ్రాసికొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఆధారమైన 350ఏ అధికరణము దాని ప్రక్కనే యున్నది. బడిలో భాషయు, బాధలో భాషయు రాజ్యాంగములో ఇరుగుపొరుగున నున్నవి.

ఈ నగరములోనే 1910లో జన్మించిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్‌ను గుఱించి మన పిల్లలు పాఠములో చదువుదురు. 1938లో చైనాకు పోయిన అయిదుగురు భారతీయ వైద్యులలో ఆయన యొకరు. ఆయన అచటి గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేయుటతో తృప్తి చెందక, చైనా భాషను నేర్చి ఆ భాషలోనే వారితో మాటలాడెను. 1942లో ముప్పది రెండేండ్ల వయసున అచటనే మరణించెను. రోగి భాష నేర్చిన వైద్యుని కన్న ఊరు మనది. ప్రతి వైద్యుడును కోట్నిస్ కావలెనని మనము శాసింపజాలము. కాని ఆ వైద్యునకును రోగికిని నడుమ వంతెన వేయుట మన చేతిలో నున్నది.

ఇప్పుడు ఆ వంతెనగా నెవరిని వాడుచున్నాము? మన పిల్లలను. నేను ఈ సభను కోరి పిలిపించుటకు ముఖ్య కారణము ఇదియే. కొన్నేండ్ల క్రిందట ఏడవ తరగతిలో ఒక బాలిక తఱచుగా బడి మానుచుండెను. విచారింపగా, క్షయకు మందు తీసికొనుచున్న తన అవ్వతో ఆరోగ్య కేంద్రమునకు పోవుచున్నదని తెలిసినది. ఇంటిలో చక్కగా మరాఠీ మాటలాడునది ఆమె యొక్కతెయే. తల్లికి బీడీల పని, తండ్రికి సాంచాల పని. క్షయకు సామాన్యముగా ఆఱు నెలలు మందు తీసికొనవలెను. దగ్గు తగ్గినను మానరాదు. వైద్యుడు ఆ మాట చెప్పియే యుండెను. కాని పండ్రెండేండ్ల బిడ్డకు ఆ వాక్యము తలక్రిందులుగా అర్థమైనది. "బాగైతే ఆపొచ్చట అవ్వా" అని చెప్పినది. మూడవ నెలలో దగ్గు తగ్గినది, అవ్వ మందు మానినది. కొన్ని నెలలకు జబ్బు తిరిగి వచ్చినది. సగములో మానిన క్షయ మందులకు లొంగక మొండిదగు ప్రమాదము గలదు. అదృష్టవశమున ఆ యవ్వ మరల మందు తీసికొని కోలుకొన్నది. కాని ఆ బాలిక నా గదిలోనికి వచ్చి, "నా వల్లనే వచ్చిందా సార్?" అని అడిగినది.

"నీ వలన గాదు తల్లీ" అని చెప్పితిని. అది నిజమే. ఆ దోషము ఆ బిడ్డది గాదు. పెద్దలు మోయవలసిన బరువును ఆ చిన్న భుజములపై నుంచిన మనది. ఆలోచింపుడు: అమ్మమ్మకు కలిగిన ఆడువారి జబ్బును మనుమడు వైద్యునకు ఎట్లు చెప్పగలడు? తాతకు నయము కాని జబ్బు అని తెలిసిన మనుమరాలు ఆ మాటను తన నోట తాతకు ఎట్లు చెప్పగలదు? కొందఱు చెప్పలేక దాచుదురు, కొందఱు తెలియక మార్చుదురు. రెండును ప్రమాదమే.

కనుక తల్లిదండ్రులకు నా మనవి యిది. మొదటిది, పిల్లలను దుబాసీలుగా తీసికొని పోవలదు. తప్పనిసరియైనచో పెద్దవారొకరు వెంట నుండవలెను. రెండవది, వైద్యునితో మాట మొదట రోగినే ఆడనిండు. కొడుకు గాని, భర్త గాని రోగి నోటికి అడ్డుపడరాదు. ఇంటికి పెద్ద యగుట వేఱు, దేహమునకు యజమాని యగుట వేఱు. మన యిండ్లలో స్త్రీల జబ్బులను గుఱించి పురుషులే వైద్యునకు బదులు చెప్పు అలవాటు ఇకనైనను పోవలెను. మూడవది, మూడు ప్రశ్నలు వ్రాసికొని పోవుడు: నా జబ్బు ఏమి? నేను ఏమి చేయవలెను? అది ఎందులకు, చేయనిచో నేమగును? ఖర్చు సంగతి అడుగుటకు సిగ్గుపడవలదు. అదియు మీ హక్కే. నాల్గవది, విన్నదానిని అచటనే తిరిగి చెప్పుడు. "డాక్టరుగారూ, నేను ఇట్లు అర్థము చేసికొంటిని, సరియేనా?" అని అడుగుడు. తరగతిలో పాఠము ఒప్పజెప్పుట వంటిదే యిది. ఆ బాలిక ఆ దినమున ఒప్పజెప్పియున్నచో తప్పు అచటనే దిద్దబడెడిది. అయిదవది, ఇంటిలో ఒక సంచి పెట్టి ప్రతి చీటిని, ప్రతి పరీక్షా కాగితమును అందులో భద్రపఱచుడు. ఆఱవది, చదువక, అడుగక, అర్థము కాక సంతకము గాని, వ్రేలిముద్ర గాని వేయవలదు. ప్రాణాపాయ సమయమున వైద్యుడు ముందు ప్రాణము కాపాడును; దానికి మనము అడ్డు చెప్పరాదు. తక్కిన వేళల అయిదు నిమిషములు అడిగి తెలిసికొనుటకు తప్పక వీలుండును.

ఇక పాఠశాల పక్షమున మేము చేయదలచినది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు తెలుగులోను, మరాఠీలోను ఒక అభ్యాసము పెట్టుదుము: మందు పట్టీపైనున్న తేదీని, మోతాదును చదువుట; ఇంటిలోని పెద్దల జబ్బు వివరములను వారిని అడిగి ఒక పుటలో స్పష్టముగా వ్రాయుట. ఆ కాగితము మాటలాడవలెను గాని పిల్లవాడు గాదు. రెండవదిగా, రెండు భాషలును చక్కగా వచ్చిన పెద్దల పేర్లతో ఒక పట్టిక తయారు చేయవలెనని సంకల్పించితిమి. మన పాఠశాల పూర్వవిద్యార్థులలో నర్సులు గలరు, మందుల దుకాణములలో పని చేయువారు గలరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు గలరు. వారానికి ఒక పూట ఇచ్చినను చాలును. ఎవరి యింటి రోగికైనను తోడు కావలసినచో బడి కార్యాలయమున తెలిపిన, స్త్రీలకు స్త్రీలను, పురుషులకు పురుషులను వెంట పంపెదము. విన్నది విన్నట్లు చెప్పుటయు, రోగి రహస్యమును ఎవరికిని చెప్పకుండుటయు ఈ పనికి నియమములు. మూడవదిగా, మన పేటల తల్లులు తమ వాడలోని ఆశా కార్యకర్తను కలిసికొని, మహిళా ఆరోగ్య సమితి ఉన్నదా, ఎప్పుడు కూడుచున్నది అని విచారింపవలెను. ఉన్నచో అందు చేరవలెను. వైద్యశాలలో తెలుగు వచ్చినవారు ఒకరుండవలెనని మనము పదిమందిమి ప్రత్యేకముగా గొణిగినచో అది గొణుగుడు. సమితిలో కూర్చుండి తీర్మానము వ్రాయించినచో అది విధానమునకు తొలి అక్షరము.

"తెలుగు చదువు వలన లాభమేమి?" అని మీలో కొందఱు నన్ను ఏటేట అడుగుచుందురు. ఉద్యోగములను గుఱించి, పోటీ పరీక్షలను గుఱించి నేను చెప్పవలసినది చెప్పుచునే యున్నాను. ఈనాడు ఇంకొక సమాధానము చెప్పుచున్నాను. మీ బిడ్డ తెలుగు బాగుగా నేర్చినచో, మీ తల్లి నొప్పి ఏమో ఆమె మాటలలోనే విని అర్థము చేసికొనగలడు. మరాఠీ బాగుగా నేర్చినచో, పెద్దవాడైన పిమ్మట ఆ నొప్పిని వైద్యునకు చేర్పగలడు. రెంటిలో ఏది లేకున్నను వంతెన ఒక గట్టునే నిలుచును.

సభ ముగిసిన తరువాత ద్వారము దగ్గఱ బల్లపై ఒక నోటుపుస్తకము పెట్టించితిని. తోడు పోదగినవారు తమ పేరును, తమకు వీలగు పూటను అందు వ్రాసి పోగోరెదను. మొదటి పేరు నాది. నాకు వీలగు పూట శనివారము మధ్యాహ్నము.

మా యమ్మ కాలి వ్రేళ్లను నేను తిరిగి తేలేను. ఆమెను ఆనాడు అడుగవలసిన ఆ యొక్క మాటను, ఇకమీద ఈ పేటలలో ప్రతి రోగిని ఎవరో యొకరు అడుగునట్లు చేయగలిగిన, ఆమెకు నేను ఆలస్యముగా నైనను సమాధానము చెప్పినవాడనగుదును.